దయచేసి కన్ను కొట్టండి

సర్కారువారికి తెలుగు మీద ప్రేమ పొంగినప్పుడల్లా తెలుగు పండితులు నోరు కట్టుకొని కూర్చోవడం మంచిది. ఈ సంగతి ఈపూరి కోటిలింగం మాస్టారికి ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పినా ఆయన వినే రకం కాదనుకోండి.

కోటిలింగం తుమ్మలమెరక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. ఎవరైనా శుభలేఖ తెచ్చి చేతిలో పెడితే ముహూర్తం ఎప్పుడో చూడకముందే ఒత్తులు సరిగా ఉన్నాయో లేదో చూస్తాడు. ఊళ్ళో ఎరువుల కొట్టువాడు బోర్డు మీద 'పురుగుల మంధు' అని రాయిస్తే, ఆ ఒత్తు గీకించేదాకా ఆ వీధిలో అడుగు పెట్టలేదు. చెరువు కట్ట మీదుగా చుట్టూ తిరిగి బడికి వెళ్ళాడు. కూరలో ఉప్పు లేకపోయినా తింటాడు గానీ మాటలో దీర్ఘం లేకపోతే ఈయనకు ముద్ద దిగదని భార్య త్రిపుర అంటూ ఉంటుంది.

ఆ ఏడు బళ్ళు తెరవగానే ఉపాధ్యాయులందరి ఫోన్లలోకి 'సుముఖ' అనే యాప్ వచ్చి కూర్చుంది. పొద్దున తొమ్మిదింటికి బడి ఆవరణలో నిలబడి ఫోనుకు ముఖం చూపించాలి. చూపించింది ముఖమో, ముఖం తాలూకు ఫోటోనో తేలాలి కనుక ఒకసారి రెప్ప వేయమని ఇంగ్లీషులో అడుగుతుంది. 'బ్లింక్' అంటుంది. వేస్తే హాజరు పడుతుంది. వేయకపోతే మనిషి లేనట్టే. ఎదురుగా నిలబడి గొంతు చించుకొని పాఠం చెబుతున్నా సరే, లేనట్టే. కాగితం మీది హాజరు పట్టీని తాడేసి కట్టి బీరువాలో పెట్టించారు. ఇంతవరకు బాగానే నడిచింది.

ఆగస్టులో 'అంతటా తెలుగు' పక్షోత్సవాలు వచ్చాయి. పది రోజుల్లోగా ప్రభుత్వ యాప్‌లన్నీ తెలుగులో మాట్లాడి తీరాలని ఉత్తర్వు. ఆ పనిని ఒక సంస్థకు అప్పజెప్పారు. ఆ సంస్థ ఇంకో సంస్థకు అప్పజెప్పింది. ఆ ఇంకో సంస్థ ఒక యంత్రానికి అప్పజెప్పింది. పదకొండో రోజు పొద్దున కోటిలింగం ఫోను తెరిస్తే, 'లోనికి దుంగ నెట్టండి' అంది. లాగిన్ అయి ఉంటుందనుకొని నెట్టాడు. 'మీ ముఖమును చట్రంలో ఇరికించండి' అంది. ఇరికించాడు. అప్పుడు ఎర్రటి అక్షరాలతో, 'దయచేసి కన్ను కొట్టండి' అంది.

కోటిలింగం గబుక్కున ఫోను జేబులో పెట్టేసుకొని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు.

"యోహానూ, ఇదేందయ్యా ఇట్టా అడుగుతంది?" అన్నాడు డ్రిల్లు మాస్టారితో.

"అడిగితే అడిగింది లెండి సార్. మీరు మామూలుగా రెప్ప వేయండి, పడిపోద్ది" అన్నాడు యోహాను.

నిజంగానే పడింది. మారింది పైన అక్షరాలే. లోపల యంత్రం పాతదే. రాష్ట్రంలో వేలమంది అయ్యవార్లు ఆ మాట చూసి నవ్వుకొని, రెప్ప వేసి, క్లాసులకు వెళ్ళిపోయారు. కోటిలింగానికి మాత్రం ఆ పూట పాఠం మీద మనసు నిలవలేదు. ఆ సాయంత్రమే తెల్లకాగితం తీసి సుముఖ ప్రాజెక్టు వారికి ఉత్తరం రాశాడు. రెప్ప వేయడం వేరు, కన్ను కొట్టడం వేరు అనీ, మొదటిది ప్రాణమున్న ప్రతి మనిషీ తెలియకుండా చేసే పని, రెండోది కొందరు మాత్రమే బాగా తెలిసి చేసే పని అనీ, ఆడవాళ్ళు కూడా పనిచేసే శాఖలో ఇటువంటి మాట వాడడం అప్రతిష్ఠ అనీ, యంత్రం అడుగుతున్నదొకటి, చూస్తున్నదొకటి గనుక వెంటనే సరిచేయవలసిందనీ వివరంగా రాసి, అంచుకు మార్జిను కూడా గీసి పంపించాడు.

మూడు వారాల తర్వాత జవాబు వచ్చింది. జవాబు రావడమే గొప్ప అని ప్రధానోపాధ్యాయిని ఎస్తేరు రాణి స్టాఫ్ రూములో అందరి ముందూ దాన్ని చదివింది.

"మీ లేఖ నిశితముగా పరిశీలింపబడినది. వాక్యమునకును యంత్రమునకును పొంతన లేదన్న మీ అభిప్రాయముతో ఈ కార్యాలయము ఏకీభవించుచున్నది. సదరు వాక్యము ఏడుగురు సభ్యులు గల సంఘముచే ఆమోదింపబడి, ఉన్నతాధికారుల వారి డిజిటల్ సంతకమును పొందియున్నది. యంత్రమునకు అట్టి ఆమోదమేదియు లేదు. కావున ఆమోదము గల వాక్యమునకు అనుగుణముగా ఆమోదము లేని యంత్రమును సవరించడమైనది. లోపమును ఎత్తి చూపిన శ్రీ ఈపూరి కోటిలింగం గారికి అభినందనలు."

చదివి, ఆవిడ కళ్ళజోడు తీసింది. "అంటే ఏందండీ?"

"అంటే రేపటి నుంచి నిజంగానే కొట్టాలి మేడం" అన్నాడు యోహాను.

మర్నాడు పొద్దున తుమ్మలమెరక చూసిన చోద్యం చెప్పుకోవాలి. బడిలో సిగ్నలు అందేది గేటు దగ్గర ఒక్కచోటే. గేటుకు ఎదురుగా టీ బంకు. తొమ్మిది కొట్టేసరికి పదకొండుమంది ఉపాధ్యాయులు గేటు దగ్గర వరసగా నిలబడి, చేతులు చాచి, ఫోన్లకు కన్ను కొట్టడం మొదలుపెట్టారు. బంకు దగ్గరున్నవాళ్ళు గ్లాసులు చేతుల్లోనే ఉంచుకొని నోళ్ళు తెరిచారు. యోహానుకు మొదటి దెబ్బకే పడింది. పాతికేళ్ళ కింద వదిలేసిన విద్య, చెయ్యి తిరిగినట్టే ఉందని చెప్పుకున్నాడు. లెక్కల అయ్యవారికి మూడోసారి పడింది. ఎస్తేరు రాణి కొంగు నెత్తి మీదికి లాక్కొని, గోడవైపు తిరిగి, ప్రభువును తలుచుకొని కొట్టింది.

కోటిలింగానికి పడలేదు.

ఆయనకు ఒక కన్ను మూస్తే రెండోది కూడా దాని వెనకే మూసుకుంటుంది. పుట్టి యాభై ఆరేళ్ళయినా ఆ సంగతి ఆయనకు ఆ రోజే తెలిసింది, ఎందుకంటే అంతకుముందు ఆ అవసరం రాలేదు. కుడి కన్ను మూశాడు. యాప్, 'మీరు నిద్రించుచున్నారు. మేల్కొని మరల ప్రయత్నించండి' అంది. ఎడమ కన్ను మూశాడు. 'మీరు నిద్రించుచున్నారు' అంది. ఒక కంటికి చెయ్యి అడ్డం పెట్టాడు. 'ముఖము అసంపూర్ణము' అంది. మూతి ఒక పక్కకు లాగి, బుగ్గ ఉబ్బించి, పళ్ళికిలించి గట్టిగా ప్రయత్నిస్తే, ఫోను కాసేపు ఆలోచించి, 'మీరు శ్రీ ఈపూరి కోటిలింగం కారు' అని తేల్చింది. తొమ్మిదింబావు గడువు దాటింది. ఆ రోజుకు ఆయన బడికి రాలేదు. రాకుండానే ఆరు పీరియడ్లు చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం త్రిపుర వంటింట్లోంచి వచ్చేసరికి, మొగుడు ఫోను ఎదురుగా కూర్చొని కన్ను కొట్టబోతూ కనబడ్డాడు. ఆవిడ గడపలోనే ఆగిపోయింది.

"ఎవరికండీ?"

"ప్రభుత్వానికి."

"ముప్ఫై ఏళ్ళు కాపరం జేశా. నాకొక్కసారి కొట్టిన పాపాన పోలా. ప్రభుత్వానికి కొడతన్నారా?"

కోటిలింగం అంతా చెప్పాడు. త్రిపుర జాలిపడి పక్కన కూర్చొని, ఎడమ రెప్పను తన చూపుడువేలితో పైకెత్తి పట్టుకుంది. 'చట్రంలో ఇద్దరు వ్యక్తులు గలరు. రెండవ వ్యక్తి కూడా కన్ను కొట్టవలెను' అంది ఫోను. అడిగింది గదా అని త్రిపుర చటుక్కున కొట్టింది. ఎంత తేలిగ్గా కొట్టిందంటే, బుగ్గ కూడా కదలలేదు. 'కన్ను అంగీకరింపబడినది. ముఖము అపరిచితము' అంది ఫోను.

కోటిలింగం బిత్తరపోయాడు. "నీకెట్టా వచ్చే?"

"పెళ్ళిపీటల మీదే కొట్టా మీకు. మీరు పురోహితుడు మంత్రంలో దీర్ఘం మింగాడని ఆయన్ని చూస్తన్నారు" అని ఆవిడ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

బళ్ళో గొడవ ఊరికే సద్దుమణగలేదు. గేటు దగ్గర జనం పెరుగుతున్నారని, బంకువాడు రెండు బల్లలు కొత్తగా వేయించాడని, ఉపాధ్యాయినులకు తలెత్తుకోవడం కష్టంగా ఉందని ఎస్తేరు రాణి పైకి రాసింది. వారంలో వివరణ వచ్చింది. విధి నిర్వహణలో భాగముగా ఫోనునుద్దేశించి కొట్టు కన్ను అధికారిక కన్నుగా పరిగణింపబడును. అట్టి కన్నునకు మధ్యలో అడ్డు వచ్చిన వ్యక్తులు దానిని తమకుద్దేశించినదిగా భావించరాదు. ఈ మేరకు గేటు వద్ద బోర్డు పెట్టించవలెను. పనిలో పనిగా, ఏ కన్ను అన్న సందేహం జిల్లాల నుంచి వచ్చింది గనుక, సంప్రదాయమును గౌరవించి పురుషులు కుడి కన్ను, స్త్రీలు ఎడమ కన్ను కొట్టవలెను. తేడా వచ్చినచో ఆ పూటకు సగము సెలవు. అప్పటిదాకా ఎడమ కన్ను అలవాటు చేసుకున్న యోహాను మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

కోటిలింగం కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన దీపం వేసి, అద్దాలు పెట్టి, అక్షరాలు చదివించి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"కళ్ళు రెండూ నిక్షేపంగా ఉన్నాయి మాస్టారూ. లోపమని రాయాలంటే లోపం ఉండాలి గదా."

"కన్ను కొట్టలేకపోతున్నానని రాయండి."

"అది జబ్బు కాదండీ. మా రోజుల్లో దాన్ని పెద్దమనిషితనం అనేవాళ్ళు. మినహాయింపుల పట్టికలో ఆ మాట లేదు."

సెప్టెంబరు పోయింది, దసరా సెలవులు పోయాయి, కార్తీకం పోయింది. కోటిలింగం రోజూ తొమ్మిదికి గేటు దగ్గర నిలబడి రెండు కళ్ళూ మూసి, నిద్రపోతున్నాడనిపించుకొని, లోపలికి వెళ్ళి పాఠం చెప్పాడు. డెబ్భై నాలుగు పని దినాలు గైర్హాజరయ్యాడు. విధులకు రాకుండా ఎందుకు ఉంటున్నారో తెలపాలంటూ మెమో వచ్చింది. దాన్ని పదో తరగతి గదిలో, నల్లబల్ల ముందు, సుద్దముక్క చేత్తోనే అందుకున్నాడు. 'సదరు ఉపాధ్యాయుడు బడికి రానందున మెమోను బడిలోనే స్వయముగా అందజేయడమైనది' అని ఎస్తేరు రాణి రసీదు రాసి పంపింది. ఆ రసీదు పైవాళ్ళెవరికీ తేడాగా కనిపించలేదు.

ఇంతవరకు కష్టం ఆయన ఒక్కడిదే. నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు, ఆయన కూడా అప్పుడప్పుడూ నవ్వుకున్నాడు. డిసెంబరులో అర్ధ సంవత్సర పరీక్షలయ్యాక ఆ నవ్వు పోయింది.

ఆ పరీక్షల్లో తుమ్మలమెరక పదో తరగతి పిల్లలు ముప్ఫై ఒక్కమందికీ తెలుగులో మంచి మార్కులొచ్చాయి. జిల్లాలోకెల్లా వాళ్ళవే ఎక్కువ. వేరే బడి అయితే దండ వేసేవాళ్ళు. ఇక్కడ లెక్కలు చూసే కంప్యూటరు ఒక పక్క గురువు గైర్హాజరును, ఇంకో పక్క పిల్లల మార్కులను పెట్టి చూసుకొని ఎర్రదీపం వెలిగించింది. గురువు లేడు కనుక పాఠం జరగలేదు. పాఠం జరగలేదు కనుక పిల్లలకు రాదు. రానిది రాశారు కనుక కాపీ కొట్టారు. ముప్ఫై ఒక్కమందికీ తెలుగులో మార్కులు రద్దు చేసి, విచారణ ముగిసేదాకా పబ్లిక్ పరీక్షల హాల్ టికెట్లు నిలిపివేయడమైనదని ఉత్తర్వు వచ్చింది.

ఆ క్లాసులో షేక్ మస్తాన్‌బీ అనే పిల్ల ఉంది. పదో తరగతి మార్కులతో సీటిచ్చే సర్కారు సాంకేతిక కళాశాల ఒకటుంది, తిండీ బట్టా వాళ్ళదే. ఆ సీటు వస్తే చదువు, రాకపోతే తల్లితోపాటు మిరపకాయల తొడిమలు తీసే పని. ఆ సంగతి పిల్లకు తెలుసు, కోటిలింగానికీ తెలుసు. ఉత్తర్వు వచ్చిన మర్నాడు తల్లి ఖాసింబీ పని మానుకొని, ఇంకో పదిమంది తల్లుల్ని వెంటబెట్టుకొని గేటు దగ్గరికి వచ్చింది. కోటిలింగం ఫోను ఎత్తేసరికి అందరూ చుట్టూ చేరారు.

"అయ్యా, సారూ, మీ కాళ్ళు పట్టుకుంటా. ఆ కన్నేదో ఒక్కసారి కొట్టండయ్యా" అంది ఖాసింబీ.

"నావల్ల కావడంలేదమ్మా."

"మా పిల్ల కోసం కొట్టండయ్యా. తలుచుకుంటే ఎందుకు కాదు? మా ఊళ్ళో తాగుబోతు ఎదవలు గూడా కొడతన్నారు."

ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఎదురైతే తల వంచుకొని నడిచిన మనిషి, పదిమంది ఆడవాళ్ళ మధ్య నిలబడి, వాళ్ళు చేతులు జోడించి చూస్తుండగా, కన్ను కొట్టడానికి ప్రయత్నించాడు. కళ్ళు రెండూ మూసుకున్నాయి. తెరిచేసరికి రెండింట్లోనూ నీళ్ళున్నాయి. ఫోను ఎప్పటి మాటే చెప్పింది.

జనవరి చివర్లో విచారణాధికారి వచ్చాడు. పేరు చక్రధరం. సుముఖ ప్రాజెక్టుకు జిల్లా బాధ్యుడు. చల్లటి మనిషి, ఎవరినీ కసురుకోడు. ప్రధానోపాధ్యాయిని గదిలో కూర్చొని, టీ తాగి, కోటిలింగాన్ని పిలిపించాడు.

"కూర్చోండి పండితులు గారూ. పదో తరగతికి తెలుగు ఎవరు బోధించారు?"

"నేనే."

"మీరు గైర్హాజరు."

"మీ ఎదురుగా ఉన్నాను గదండీ."

"వ్యక్తిగతంగా నేను మిమ్మల్ని చూస్తున్నాను. నాకు సంతోషంగా కూడా ఉంది. శాఖాపరంగా మాత్రం చూడలేకపోతున్నాను. ఈ రెంటికీ తేడా మీవంటి విజ్ఞులకు నేను చెప్పాలా?"

తర్వాత పిల్లల్ని విచారించాలన్నాడు. మస్తాన్‌బీని పిలిచారు. ఏదైనా పద్యం చెప్పమంటే, చెప్పి, భావం చెప్పి, అడక్కుండానే అందులో సమాసం కూడా చెప్పింది.

"నీకు ఇదంతా ఎవరు నేర్పారమ్మా?"

"మా తెలుగు సార్."

"ఆయన సెప్టెంబరు నుంచి రావడంలేదు."

మస్తాన్‌బీ కోటిలింగాన్ని చూసింది, అధికారిని చూసింది. "ఎందుకు రాలా సార్, నిన్న గూడా చెవి మెలేశారు."

"దానికి ఆధారం?"

"చెవే సార్" అని జడ పక్కకు తీసి చూపించింది.

చక్రధరం గుమాస్తా వైపు తిరిగాడు. "విద్యార్థిని లేని వ్యక్తిచే చెవి మెలివేయబడినట్లు చెప్పుచున్నది. రాసుకోండి."

పిల్లను పంపేసి, తలుపు దగ్గరగా వేయించి, ఆయన గొంతు తగ్గించాడు.

"పండితులు గారూ, మీకూ పిల్లలకూ మేలు జరగాలనే నా తాపత్రయం. దారి ఒకటుంది. 'కన్ను కొట్టండి' అన్నది సరైన తెలుగేనని భాషా పండితుడి ధ్రువపత్రం ఫైల్లో లేదని తనిఖీ బృందం వారు అభ్యంతరం లేవదీశారు. ఏడుగురు సభ్యుల సంఘంలో తెలుగు వచ్చినవారు లేకపోయారు. అది యాదృచ్ఛికం. ఈ మాట తప్పని రాష్ట్రం మొత్తం మీద రాసింది మీరొక్కరే. తప్పన్నవారే ఒప్పంటే ఇక ప్రశ్న ఉండదు."

"రెప్ప వేయడమూ కన్ను కొట్టడమూ ఒకటేనని రాయమంటారా?"

"ఒకటేనని మీరు రాసిన క్షణం నుంచి ఒకటే. రెండూ ఒకటైనప్పుడు, సెప్టెంబరు నుంచి మీరు వేసిన రెప్పలన్నీ కొట్టిన కళ్ళే. అన్ని రోజులూ హాజరు పడుతుంది. మీరు హాజరు కనుక పాఠం జరిగింది. పాఠం జరిగింది కనుక పిల్లలు చదివే రాశారు. హాల్ టికెట్లు సాయంత్రానికల్లా వస్తాయి." ఆయన చిన్నగా నవ్వాడు. "ఎంత సుళువో చూడండి. ఒక్క మాటే గదా."

కోటిలింగం ఎస్తేరు రాణి వైపు చూశాడు. ఆవిడ బల్ల మీది గాజు కింద పెట్టిన కాలెండరు చూస్తూ కూర్చుంది. హాల్ టికెట్లు ఇచ్చే గడువు ఇంకో రెండు రోజులే ఉందని ఆ గదిలో అందరికీ తెలుసు.

ఆయనకు తన గురువు గుర్తొచ్చాడు, నేర్చుకున్న వ్యాకరణం గుర్తొచ్చింది, ఎరువుల కొట్టు బోర్డు గుర్తొచ్చింది. వాటన్నిటికంటే ముందు ఖాసింబీ జోడించిన చేతులు గుర్తొచ్చాయి. మాట కోసం ముప్ఫై ఒక్కమంది పిల్లల్ని బలిపెట్టే హక్కు తనకెవరిచ్చారనిపించింది. వెంటనే, పిల్లల కోసం మాటను చంపే హక్కు మాత్రం ఎవరిచ్చారనీ అనిపించింది. రెండో దానికి జవాబు దొరకలేదు. మొదటిదానికి గడువుంది.

"కాగితం ఇవ్వండి" అన్నాడు.

కాగితం ముందే అచ్చు వేయించి తెచ్చారు. 'బ్లింక్ అను ఆంగ్ల పదమునకు కన్ను కొట్టుట యనునదే సరియైన, శిష్టజన సమ్మతమైన తెలుగు పదమని ఇందుమూలముగా ధృవీకరించడమైనది.' కోటిలింగం కలం 'ధృ' దగ్గర ఆగింది. అది 'ధ్రు' అని ఉండాలి. అలవాటు కొద్దీ దిద్దబోయాడు.

"ఫార్మాట్ మార్చరాదండీ" అన్నాడు చక్రధరం మర్యాదగా.

కోటిలింగం తప్పును అలాగే ఉంచి, కింద సంతకం పెట్టాడు. తన పేరు తనకే పరాయి మనిషిదిగా కనబడింది.

అన్న మాట ప్రకారమే సాయంత్రానికి హాల్ టికెట్లు వచ్చాయి. కోటిలింగం సెప్టెంబరు నుంచి రోజూ బడికి వచ్చినట్టు తేలింది. ఒక కన్ను మూసినా, రెండూ మూసినా ఇకమీదట యాప్ ఒప్పుకుంటుందన్నారు. తల్లులు ఇంటికి వచ్చి పండ్లు ఇచ్చి దండం పెట్టి వెళ్ళారు. సార్ మొత్తానికి కన్ను కొట్టాడని ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. మార్చిలో పిల్లలు పబ్లిక్ పరీక్షలు రాశారు. తెలుగు పేపరు బాగా రాశామని మస్తాన్‌బీ బడి దాకా వచ్చి చెప్పి వెళ్ళింది.

ఏప్రిల్లో పేపర్లు దిద్దే పని పడింది. దిద్దే కేంద్రానికి పొరుగు జిల్లాల పేపర్లు వచ్చాయి. వీళ్ళ పిల్లల పేపర్లు ఇంకెక్కడికో వెళ్ళాయి. ఎండలు మండిపోతున్నాయి. పెద్ద హాల్లో బల్లకు ఆరుగురు చొప్పున అయ్యవార్లు కూర్చున్నారు. కోటిలింగానికి పొద్దుటి కట్టలో ఇరవై పేపర్లు ఇచ్చారు, జవాబుల కీ ఇచ్చారు. మొదటి పేపరు తెరిచాడు. వ్యుత్పత్త్యర్థాల దగ్గర, 'అనిమిషులు' అన్న పదానికి ఎవరో పిల్లవాడు ముద్దుగా, గుండ్రంగా, 'రెప్పపాటు లేనివారు - దేవతలు' అని రాశాడు. కోటిలింగానికి ప్రాణం లేచి వచ్చింది. మార్కు వేయబోతూ, మామూలుగా కీ వైపు చూశాడు. అందులో, 'కన్ను కొట్టనివారు - దేవతలు' అని ఉంది. పక్కన చిన్న అక్షరాలతో, 'రెప్పపాటు అను పాత రూపమునకు మార్కు ఇవ్వరాదు' అని ఉంది.

కాగితం పట్టుకొని బల్ల పెద్ద దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కూడా తెలుగు పండితురాలే, ఏదో మన్యం బడి నుంచి వచ్చింది. అప్పటికే నలుగురు అడిగినట్టున్నారు, విసుగ్గా తలెత్తింది.

"నాకు తెలుసన్నగారూ, తప్పే. ఏం చేద్దాం, పైనుంచి వచ్చింది. ఎవరో పండితుడే రాసిచ్చాడంట, ఆ కాగితం నంబరు గూడా వేశారు, చూడండి. దాన్ని బట్టి పుస్తకాలు గూడా మారుస్తున్నారంట."

"ఆయనకేం అవసరం వచ్చిందో అమ్మా."

"ఏ అవసరమైనా రానీండి. మాట తప్పని తెలిసి తెలుగు చెప్పుకొని బతికేవాడు సంతకం పెడతాడా? నాకు కనబడితే మొహాన్నే అడుగుతా."

కోటిలింగం తన చోటికి వచ్చి కూర్చున్నాడు. పద్దెనిమిదిమంది పిల్లలు రెప్పపాటు లేనివారనే రాశారు. ఎక్కడెక్కడి ఊళ్ళ పిల్లలో, అందరికీ ఎవరో ఒక అయ్యవారు సరిగ్గానే చెప్పాడు. పద్దెనిమిదిమందికీ సున్నా చుట్టాడు. ఒకడు ఖాళీ వదిలేశాడు. ఒకడు మాత్రం 'కన్ను కొట్టనోళ్ళు' అని రాశాడు. వాడు రోజూ పొద్దున బడి గేటు దగ్గర అయ్యవార్లను చూస్తూ చదువుకున్నవాడై ఉంటాడు. వాడికి మార్కు వేశాడు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. అందరూ లేచి వెళ్ళారు. కోటిలింగం లేవలేదు. ఈపాటికి ఏ జిల్లాలోనో, ఏ బల్ల మీదో మస్తాన్‌బీ పేపరు ఎవరి ముందో ఉంటుంది. ఒక్క మార్కు తేడాతో సీటు పోయినవాళ్ళను ఆయన ఎరుగు. ఆ పదం ఆ పిల్లకు తనే చెప్పాడు, రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు. ఆ పిల్ల తప్పకుండా సరిగ్గానే రాసి ఉంటుంది. ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి, తన దగ్గర చదువుకున్న పిల్ల ఒక్క తప్పు రాసి ఉంటే బాగుండునని ఆయన దేవుణ్ణి వేడుకున్నాడు.